పూలగడి పడుగు నాటి పాట

పొద్దున మగ్గం గుంటలో కాళ్లు పెట్టగానే నరహరికి ఫోనుతో పంచాయితీ మొదలయ్యేది. అతనికి కావలసింది ఒక్కటే, భార్య ఆండాళు పాట. ఫోనేమో అదొక్కటి తప్ప అన్నీ ఇస్తానంటుంది. ఆమె గొంతు ఇలా మొదలవుతుందో లేదో, పక్కనుంచి ఏదో సినిమా పాట దూకి డప్పులు వాయిస్తుంది. దాన్ని ఆపబోతే భజన అందుకుంటుంది. భజన ఆపబోతే ఎవరో అమ్మాయి తీయని గొంతుతో షాంపూ అమ్ముతుంది. ఒక చేత అడ్డపోగును దూర్చే నాడె, ఒక చేత దాన్ని కొట్టి బిగించే పలక పట్టుకున్న మనిషి ఎన్నిసార్లని ఆ అద్దం నొక్కుతాడు? "దీని నోట్ల మన్నువడ" అని తిట్టుకుంటూ మళ్లీ వెతుక్కునేవాడు. వెతుక్కోక చేసేదేముంది? ఆండాళు పోయి రెండేళ్లు దాటింది. ఇప్పుడామె ఉన్నదల్లా ఆ ఫోనులోనే.

పుట్టపాకలో వాళ్ల ఇంటి ముందుగదిలో మగ్గం, దాని పక్క వసారాలో ఆమె ఆసు. ఆసంటే పేక నూలును అద్దకానికి సిద్ధం చేయడం. వంపుగా మేకులు కొట్టిన చెక్క ముందు కూర్చుని, నూలును అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు మేకులకు తిప్పుతూనే ఉండాలి. సాయంత్రానికి భుజం పడిపోతుంది. ఆ నొప్పి మరిచిపోవడానికే ఆండాళు పాడేది. ఆలేరు దగ్గరి తల్లిగారింటి నుంచి తెచ్చుకున్న పాటలు. వాటిని ఎవరూ రాసిపెట్టలేదు, ఎవరూ క్యాసెట్టు చేయలేదు. నరహరి కిటికీలో ఫోను పెట్టి రికార్డు చేసేవాడు.

"నేను గీడనే ఉన్న గదా, నా పాట గా డబ్బల ఎందుకు?" అని ఆమె నవ్వేది.

"నువ్వు తల్లిగారింటికి పోతవు గదా, గప్పుడు ఇనెతందుకు" అనేవాడు.

రికార్డు అయిపోగానే ఫోను పేరడిగేది. ఆ పాటలకు పేర్లెక్కడివి? మగ్గం ఇంట్లో దేనికైనా అప్పుడు మగ్గం మీదున్న పడుగే గుర్తు, ఆ పడుగుకు చీర మీది బొమ్మే పేరు. కూతురు రోజారమణి పుట్టింది పావంచల పడుగప్పుడు, ఇంటికి రేకులు మార్చింది చుక్కల పడుగప్పుడు. పాటలకూ నరహరి అదే పద్ధతి పెట్టాడు. మగ్గం మీద చిలకల పడుగుంటే పాట పేరు చిలకల పడుగు. మర్నాడు ఆమె వేరే పాట పాడినా, ఆ పడుగు దిగేదాకా అదే పేరు. ఒక పడుగు మీద దిగిన చీరలన్నిటికీ ఒకటే పేరుంటుంది, అంతమాత్రాన ఏ చీర ఏదో నేసినవాడికి తెలియకుండా పోతుందా? ఆ వరసలో ఎక్కడ నొక్కితే ఏ పాట వస్తుందో అతనికి కళ్లు మూసుకున్నా తెలుసు.

అన్నిటికన్నా అడుగున పూలగడి పడుగు పాటలుండేవి. వాటిలో ఆఖరిది ఆమె పాడిన చివరి పాట. భువనగిరి అంగట్లో చీరలమ్మడానికి పోయిన మొగుణ్ని ఉప్పు తెమ్మంటే గాజులు తెచ్చాడని పెళ్లాం తిట్టే పాట అది. తిట్టీ తిట్టీ, చివరికి ఆ గాజులే తొడుక్కుంటుంది. అక్కడికి వచ్చేసరికి ఆండాళుకు నవ్వు ఆగేది కాదు. పాట ఆపి, పకపకా నవ్వి, ఊపిరి తీసుకుని మళ్లీ అందుకునేది. ఆ పాట పాడిన వారంలోనే జ్వరమొచ్చి దవాఖానకు పోయింది, తిరిగి రాలేదు. ఆ నవ్వు కోసమే నరహరి రోజూ ఆ పాట పెట్టుకునేవాడు. అది చెవిన పడితేనే చెయ్యి నాడె మీదికి పోయేది.

పాత ఫోను మొరాయించడంతో రోజారమణి దాన్ని మార్పిడికి ఇచ్చేసి కొత్తది తెచ్చింది. ఆ పిల్ల భువనగిరిలో మందుల దుకాణంలో పని చేస్తుంది, రోజూ బస్సులో పోయి వస్తుంది. పాతది ఇచ్చేముందే తల్లి పాటలన్నీ కొత్త ఫోనులోకి ఎక్కించి, పాటల యాప్ ఒకటి పెట్టింది. పొద్దుటి పంచాయితీ ఆ యాప్‌తోనే. సరిగ్గా ఎక్కాయో లేదోనని భయపడి రెండోసారి కూడా ఎక్కించింది. దాంతో ప్రతి పాటా రెండేసి సార్లు మోగేది. పైగా యాప్ ఆండాళును తీసుకుపోయి "తెలియని గాయని" కింద పడేసింది.

"ఎవలకు తెల్వదు?" అని నరహరి భగ్గుమన్నాడు. "ఊరంత తెల్సు."

రోజారమణి తల్లి పేరు కొట్టింది. మర్నాటికల్లా ఆ పేరు పక్కన నల్లద్దాలు పెట్టుకున్న పడుచుపిల్ల ఫోటో వచ్చి కూర్చుంది. ఆ పేరుతో ఇంకెవరో గాయని ఉందట, యాప్ తన తెలివితేటలన్నీ చూపించి ఆమెను తెచ్చి అతికించింది. "మీ అమ్మకు గీ అద్దాలు మంచిగొప్పినయి" అని నరహరి నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

శ్రావణమాసంలో ఒక మధ్యాహ్నం పాట మధ్యలో ఆగిపోయింది. ఫోనులో చోటు లేదని తెర మీద కనబడింది. కిందనే ఇంకో మాట: ఒకే పాట పలుమార్లు ఉంది, ఒక్కటి ఉంచి మిగతావి తొలగించాలా? నరహరికి ప్రాణం లేచొచ్చింది. రెండేసి సార్లు మోగే పీడ విరగడవుతుందనీ, దీనికి ఇన్నాళ్లకు బుద్ధొచ్చిందనీ సంతోషపడి "సరే" నొక్కాడు. నిజంగానే తొలగించాలా అని అది మళ్లీ అడిగింది. "ఒకసారి చెప్తె ఇనవడదా?" అని విసుక్కుంటూ మళ్లీ నొక్కాడు.

ఆ తర్వాత చూస్తే చిలకల పడుగు ఒక్కటే ఉంది. ఏనుగుల పడుగు ఒక్కటే, పూలగడి పడుగు ఒక్కటే. వేలితో పైకీ కిందికీ జరిపాడు. ఫోను ఆర్పి వెలిగించాడు. పేరు ఒకటే, పాడిన మనిషీ ఒకరే, కాబట్టి పాట కూడా ఒకటేనని యాప్ తేల్చేసింది. ప్రతి పేరు మీదా అన్నిటికన్నా పెద్దదాన్ని ఉంచుకుని, మిగతావన్నీ ఊడ్చి పారేసింది. పూలగడి పడుగు నొక్కితే గాజుల పాట రాలేదు. ఉత్త చప్పుడు వచ్చింది. నరహరి గభాలున ఆపేశాడు.

ఆ సాయంత్రం అతను బస్టాండుకు ఎదురుపోయాడు. బస్సు దిగిన కూతురు తండ్రి మొహం చూసి భయపడింది.

"ఏమాయె బాపు?"

"మీ అమ్మను నేనే తుడిచేసిన బిడ్డా" అని ఫోను ఆమె చేతికిచ్చాడు.

రోజారమణి చేయగలిగినదంతా చేసింది. మర్నాడు తండ్రిని తీసుకుని భువనగిరిలో ఫోన్లు బాగుచేసే దుకాణానికి పోయింది. అక్కడి మనిషి ఫోనును తీగలతో కంప్యూటరుకు తగిలించి చాలాసేపు వెతికాడు. దొరకవన్నాడు. పాత ఫోను ఎవరి చేతికి పోయిందో, దాన్ని ఎప్పుడు ఖాళీ చేశారో ఎవరు చెప్పగలరు? నరహరి కదలకుండా నిలబడితే, ఆ మనిషి ఏం చేయాలో తోచక ఫోను అద్దం గుడ్డతో తుడిచి ఇచ్చాడు.

ఇంటికొచ్చాక రోజారమణి అంది: "గాజుల పాట నాకు జర జర ఎర్కనే బాపు. నేను పాడుత."

పాడింది. ఉప్పు దాకా బాగానే వచ్చింది. గాజుల దగ్గర మాటలు అందక ఆగిపోయింది. నవ్వు రావలసిన చోటు అదే. "మంచిగ పాడినవ్" అని నరహరి మొహం గోడవైపు తిప్పుకున్నాడు. కొన్నాళ్లు మగ్గం మీద గుడ్డ కప్పే ఉంది.

ఒక ఆదివారం కూతురే బతిమాలింది. "మిగిలిందన్న ఇందాం బాపు. అమ్మ ఏమన్న అన్నదేమో."

ఇద్దరూ మగ్గం గట్టు మీద కూర్చుని పూలగడి పడుగు పెట్టారు. నరహరి ఆపడం మరిచిపోయిన రోజుదది, అందుకే అంత పెద్దది. మేకుల మీద నూలు రాసుకునే చప్పుడు, పలక దెబ్బ, పెరట్లో కోడి. చాలాసేపటికి ఆండాళు మాట, పక్కనే ఉన్నట్టు.

"ఇంక బంద్ చెయ్యలేదా గది?"

"పాడుతవని పెట్టిన."

"ఇయ్యాల గొంతు మంచిగ లేదు. రేపు పాడుత తియ్."

"సరే" అంది నరహరి గొంతు.

తర్వాత చివరిదాకా నూలు, పలక. ఆ మర్నాడే ఆమె అన్నమాట ప్రకారం గాజుల పాట పాడింది. గాజుల దగ్గర నవ్వింది కూడా. ఇప్పుడా నవ్వు నరహరి చెవుల్లో తప్ప ఇంకెక్కడా లేదు, అది ఎన్నాళ్లు నిలుస్తుందోనని అతనికి భయమేసింది.

రోజారమణి కొంగుతో కళ్లొత్తుకుంది. "దీనికి వేరే పేరు పెడత బాపు, మళ్ల పోకుండ. ఏం పెట్టాలె?"

నరహరి మగ్గం మీది గుడ్డ తీసి, వదులైన పోగులు సవరించాడు.

"రేపు అని పెట్టు."

ఆమె ఆ పేరే కొట్టి చూపించింది. అతను దగ్గరికి తీసుకుని చదువుకుని ఫోను తిరిగి ఇచ్చాడు.

"గా పేరు ఇంక దేనికి పెట్టకు బిడ్డా."