నాలుగింటి మోత

నేను ఒక రైలు పట్టా ముక్కను. కొలిమి మంటల్లో పుట్టి ముప్పై ఏళ్లు రైళ్లను మోశాను. అరిగిపోయానని ఒకరోజు పీకి పాత ఇనుము కొట్టులో పడేశారు. నల్లమల అంచున ఉన్న ఒక చిన్న ఊరి చర్చివాళ్లు నన్ను రెండడుగుల ముక్కగా కోయించి తెచ్చి, వసారాలో గొలుసుకు వేలాడదీశారు. అప్పటినుంచి నేను గంటను!

రోజూ సాయంత్రం నాలుగింటికి పాస్టరు యోనాగారు నన్ను సుత్తితో కొట్టేవారు. అది ప్రార్థన కోసమని ఆయన అనుకునేవారు. నిజానికి వినేది మేకలు. నా మోత చెవిన పడగానే గుట్టమీది మేకలన్నీ వాటంతటవే ఇంటిదారి పట్టేవి.

ఆ ఏడు వానాకాలంలో చిరుతపులి దిగింది. రెండు మేకలు పోయాయి. ఊరు తలుపులు బిగించుకుంది. గంట కొడితే మనుషులున్న చోటు పులికి తెలిసిపోతుందని ఎవరో అన్నారు. అంతే, సుత్తి దాచేశారు. మేకలు రోజంతా అరుస్తుంటే తెలియని చోటు నా ఒక్కదాని వల్లే తెలుస్తుందా? అడుగుదామంటే నాకు నోరు లేదాయె. సింహాల గుహలో పడేసినా బెదరని బైబిలు భక్తుడి గురించి చెమటలు కారేలా ప్రసంగించిన యోనాగారు కూడా చర్చికి లోపల గడియ పెట్టుకున్నారు.

నాలుగో రోజు, మేకల ఆకలి చూడలేక సలోమి వాటిని తోలుకుని గుట్టెక్కింది. భర్త పోయాక ఆమె, అత్త ఎస్తేరమ్మ ఆ మేకల మీదే బతుకుతున్నారు. మధ్యాహ్నానికి మబ్బు దిగి గుట్ట కనబడకుండా పోయింది. నాలుగు దాటింది. సలోమి రాలేదు.

అప్పుడొచ్చింది ఎస్తేరమ్మ! డెబ్బై ఏళ్లు, చూపు సగం. సుత్తి లేదని ఇంట్లో రోకలి పట్టుకొచ్చింది. దాని చివరి ఇనుప పొన్నుతో ఒక్కటేసింది. ఠంగ్! నాలుగు రోజుల మూగతనం వదిలి ఒళ్లంతా మోగాను. ఎంత సంతోషమో చెప్పలేను.

కిటికీలు తెరుచుకున్నాయి. "ఏందవ్వా, పులిని పిలస్తన్నావా? అందర్నీ సంపుతావా ఏంది?"

"నాకూ బయంగానే ఉందిరా. నాకు సదువు రాదు. బైబిల్లో ఒక్క మాటే పట్టుకున్నా, భయపడకుడి అని. తలుపేసుకుని కూకునేటోళ్లకి ఆ మాటతో పనేముందిరా? అది బయల్దేరేటోళ్లకి!"

కొట్టికొట్టి ఆమె చెయ్యి సోలింది. ఇంతలో చర్చి గడియ చప్పుడైంది. యోనాగారు వచ్చారు.

"ఇటియ్యవ్వా," అని రోకలి అందుకున్నారు.

తర్వాత ఒక తలుపు, ఇంకో తలుపు! పళ్లేలు, బిందెలు, డప్పు, ఏది దొరికితే అది పట్టుకొచ్చారు. నా మోత గుట్టపైదాకా అందదేమోనని నన్ను దించి, గొలుసులో వెదురు బొంగు దూర్చి ఇద్దరు భుజాలకెత్తుకున్నారు. పూర్వం యాజకులు దేవుని ఆజ్ఞలున్న మందసం పెట్టెను మోసినట్టు! రైళ్లను మోసిన నన్ను మనుషులు మోసింది ఆ రోజే. ఎస్తేరమ్మ నా బొంగు పట్టుకుని నడిచింది. పళ్లు టకటకమంటున్నా అందరూ గొంతెత్తి పాడుతూ మబ్బులోకి వెళ్లారు.

ముందు ఒక మేక అరిచింది. తర్వాత పది. నా మోతకే ఎదురొస్తున్నాయి! అవి వచ్చిన దారినే పోతే, బండ కింద సలోమి. మడమ బెణికి లేవలేకపోతోంది. ఒళ్లో పిల్లమేక.

"గంట ఇనపడిందత్తా. అప్పుడే ఏడుపాపేశా," అంది.

ఎస్తేరమ్మ కోడలి మొహమంతా చేతులతో తడిమి చూసుకుంది.

ఆ రోజు పులిని ఎవరూ చూడలేదు. వారం తిరక్కుండా సగం ఊరు చూసింది. ఒకాయన తోక కూడా పట్టుకున్నాడట.

యోనాగారు నా మీద తెల్లరంగుతో 'భయపడకుడి' అని రాయించారు. ఇప్పుడు నాలుగు కాగానే చర్చి తలుపులు బార్లా తీసి మరీ కొడతారు, మేకల కోసమే. ఎస్తేరమ్మ పోయి మూడేళ్లయింది. దెబ్బలకు అక్షరాలన్నీ రాలిపోయాయి. మళ్లీ రాయిస్తానంటారు యోనాగారు. ఎందుకండీ? చదువు రాకుండానే ఎస్తేరమ్మ ఆ మాట పట్టుకుంది కదా.