ఎవరు రావాలో వాళ్లకు తెలుసు

మా బడిలో స్పెషల్ క్లాసు అన్న మాటకు ఒకటే అర్థం. లెక్కలు రానివాళ్లు, లెక్కలనగానే కడుపునొప్పి వచ్చేవాళ్లు, పరీక్షల్లో బడి పరువు తీస్తారని పేరుపడ్డవాళ్లు, మిగతావాళ్లు ఇళ్లకు పోయాక కూర్చుని ఎక్కాలు రాసే క్లాసు. ఈ సంగతి పిల్లలకు తెలుసు, తల్లిదండ్రులకు తెలుసు, గేటు దగ్గర జామకాయలమ్మే ఆమెకు కూడా తెలుసు. మా హెడ్మాస్టరు చక్రపాణి గారికి మాత్రం ఆ రోజు మైకు ముందు గుర్తుకు రాలేదు.

నేను లెక్కల టీచర్ని, పేరు రోజారాణి. గుండ్లపోచంపల్లి నుంచి బస్సులు మారి శామీర్‌పేట పక్కనున్న ఈ సర్కారు బడికి వస్తాను. దారి పొడుగునా ప్రైవేటు బడుల బోర్డులే. ఆరో తరగతి పిల్లల ఫొటోలు, కింద ఒలింపియాడ్ అనీ ఫౌండేషన్ అనీ పెద్ద అక్షరాలు. చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఆ పిల్లలకు కొమ్ములేమీ మొలవలేదు. పుస్తకంలో లేని లెక్కను వాళ్ల ముందు ఎవరో ఒకరు పెడుతున్నారు, మా పిల్లల ముందు ఎవరూ పెట్టడం లేదు. తేడా అంతే.

ఒకరోజు ఆ మంట మీదే హెడ్మాస్టరు గదిలోకి వెళ్లాను.

"సార్, తొమ్మిదో తరగతిల మంచిగ చదివేటోళ్లకు సాయంత్రం పూట పై లెక్కలు చెప్త. అడ్వాన్స్‌డ్ మ్యాథ్స్. ఒలింపియాడ్ దాకా తీస్కపోవాలె."

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టుంది టీచర్," అని నవ్వారాయన. ఆయన మంచి మనిషే. నవ్వాక ఒప్పుకున్నారు. "సైన్స్ ల్యాబు ఖాళీగనే ఉంటది, తీస్కోండ్రి. నెల రోజులు చూద్దాం. నడవకుంటే మాత్రం ఆ గది టెన్త్‌కు ఇయ్యాలె."

ఎవరెవర్ని పిలవాలో నేను నోటితోనే చెప్పాను. భవాని మొదలుకొని క్లాసులో ముందు బెంచీల్లో ఉండే పన్నెండు మంది. ల్యాబులో బెంచీలు పట్టేది అంతకే.

మర్నాడు ప్రార్థన అయ్యాక ఆయన మైకు పట్టుకున్నారు. "ఇయ్యాల్టి సంది సాయంత్రం తొమ్మిదో తరగతికి లెక్కల స్పెషల్ క్లాసు. రోజారాణి టీచర్ చెప్తరు." ఇక్కడ ఆగి నావైపు చూశారు. పేర్లు మరచిపోయారని నాకు అర్థమయ్యేలోపే, "ఎవరు రావాలో వాళ్లకు తెలుసు," అని ముగించారు.

తర్వాత నేను నిలదీస్తే, "అడ్వాన్స్‌డ్ అంటే పిల్లలకేం తెలుస్తది టీచర్? అందరికి సమజయ్యేటట్టు చెప్పిన," అన్నారు.

సమజయింది. మరీ బాగా సమజయింది.

సాయంత్రం ల్యాబు తలుపు తీసేసరికి భవాని లేదు, ముందు బెంచీల వాళ్లు ఒక్కరూ లేరు. వాళ్లంతా గంట కొట్టగానే ఆటోలెక్కి ఇళ్లకు పోయారు. వాళ్ల జాగాలో వెనక బెంచీల వాళ్లు తొమ్మిది మంది, ఎక్కాల నోట్‌బుక్కులు ముందేసుకుని బుద్ధిగా కూర్చున్నారు. ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. ఎవరు రావాలో వాళ్లకు నిజంగానే తెలుసు.

నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. ఇంటికి పొమ్మందామని నోరు తెరిచాను. అంతలో శృతి లేచి నిలబడింది. వాళ్ల నాయిన ఎల్లేష్ శామీర్‌పేట చెరువులో వల వేస్తాడు. నాయనమ్మ సత్తమ్మ రాజీవ్ రహదారి పక్కన నీలం తాటిపత్రి, అదే టార్పాలిన్ పట్టా, పరిచి ఆ చేపలు అమ్ముతుంది. స్పెషల్ క్లాసు అయ్యాక పోయి అవ్వకు చేపలు కడిగిచ్చేది ఈ పిల్లే.

"మేడం, ఎన్నో ఎక్కం కెల్లి రాయాలె?" అంది.

ఆ గొంతులో బాధేమీ లేదు. అలవాటు ఉంది. అదే నాకు గుచ్చుకుంది. ఆరో తరగతి నుంచి ఈ పిల్ల సాయంత్రాలన్నీ ఎక్కాలు రాస్తూనే ఉంది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. మా బడిలో వడ్డన కడబంతి దాకా వచ్చేసరికి గంట కొట్టేస్తాం.

సరే, ఈ ఒక్క రోజుకు ఏదో ఒకటి చెబుదామని బోర్డు మీద రాశాను. ఏడేడులు నలభై తొమ్మిది. పక్కనే, ఆరు ఎనిమిదులు నలభై ఎనిమిది.

"దీంట్ల ఏమన్న కనబడుతుందా?" అన్నాను.

"ఒకటి తక్కువ," అంది శృతి వెంటనే. "అన్నిట్ల గట్లనే ఉంటది మేడం. తొమ్మిది తొమ్మిదులు ఎనభై ఒకటి, ఎనిమిది పదులు ఎనభై. పన్నెండు ఎక్కంల గూడ అంతే. రాసేటప్పుడు చూస్తుంట."

నా చేతిలో చాక్‌పీసు ఆగిపోయింది. పిల్లలు ఎక్కాలు రాస్తారనుకున్నాను గానీ రాస్తూ వాటిని చూస్తారని నేనెప్పుడూ అనుకోలేదు.

"ఎందుకట్లయితది?" అన్నాను.

శృతి అయోమయంగా చూసింది. ఎందుకు అని స్పెషల్ క్లాసులో ఎవరూ అడగరు. "రేపు చెప్పొచ్చా మేడం?" అంది.

మర్నాడు చేతిరుమాలులో మూటగట్టి చింతగింజలు తెచ్చింది, అష్టాచెమ్మ ఆడుకునే గింజలు. బల్ల మీద ఏడు వరసలు పేర్చింది, వరసకు ఏడు. చివరి వరస తీసి గుప్పిట్లో పట్టుకుంది. మిగిలిన ఆరు వరసల చివరా ఒక్కొక్క గింజ పెట్టుకుంటూ వచ్చింది.

"ఇప్పుడు ఆరు వరసలు మేడం, వరసకు ఎనిమిది. గీ ఒక్కటి మాత్రం మిగిలింది." అరచేయి తెరిచి చూపించింది. "దీనికి జాగ లేదు. అందుకే ఒకటి తక్కువ."

నాకు కళ్లనీళ్లొచ్చాయి. దాచుకోలేదు కూడా. చాక్‌పీసు దుమ్ము పడిందేమోనని పిల్లలు అనుకుని ఉంటారు.

ఇక ఆ తొమ్మిది మందిని నేను పొమ్మనలేకపోయాను. కానీ ముందు బెంచీల పిల్లలకు అన్యాయం చేయలేను కదా. రెండు మూడు రోజులకు నేనే క్లాసులో అసలు విషయం చెప్పేశాను. ఆ సాయంత్రం నుంచి భవానీ వాళ్లు కూడా రావడం మొదలుపెట్టారు. బెంచీలు చాలలేదు. కొందరు నిలబడి రాసుకున్నారు. భవాని వాళ్ల నాయిన మల్లేశం, జీడిమెట్లలో ఒక కంపెనీ బస్సు డ్రైవరు, డ్యూటీ దిగి నేరుగా బడికొచ్చాడు.

"తప్పుగ అనుకోకుండ్రి మేడం. మొద్దు పిల్లలతోని కలిపి కూసోబెడితే మా పిల్లేం నేర్చుకుంటది?" అన్నాడు. బిడ్డ మీద ప్రేమతోనే అడిగాడు గనక కొన్నాళ్లు చూడమని మెత్తగా చెప్పి పంపాను.

చక్రపాణి గారూ అదే మాట. "మనమనుకున్నది వేరే, అయింది వేరే. గా తొమ్మిది మందికి మెల్లగ చెప్పి పంపియ్యుండ్రి టీచర్."

"చెప్త సార్," అన్నాను. చెప్పలేదు. రేపు రేపనుకుంటూ జరుపుకుంటూ వచ్చాను. చివరికి ఆ మాట చెప్పడానికి నాకంటే ముందు ఇంకొకరు వచ్చారు.

ఆ సాయంత్రం క్లాసు మొదలవుతుండగా ల్యాబు గడప అవతల చేపల వాసన వచ్చింది. సత్తమ్మ. అంగడి అట్లాగే వదిలేసి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"తప్పయింది టీచరమ్మా," అంది మెల్లగా. "గిది మంచిగ సదివేటోళ్ల క్లాసంట గదా. సేపల కోసమొచ్చి మల్లేశం చెప్పిండు. మా పిల్ల ఆరో తరగతి సంది స్పెషల్ క్లాసుల్నే ఉంటది. గా పేరు ఇని, తెల్వక వచ్చి కూసున్నది. తోల్కపోత బిడ్డా. జర్ర ఏమనుకోకు."

స్పెషల్ క్లాసు అన్నప్పుడు ఆమె గొంతు ఇంకా తగ్గించింది, పక్కవాళ్లు వింటారేమోనన్నట్టు. ఆమె నాతో పోట్లాడి ఉంటే బాగుండేది. క్షమాపణ చెబుతుంటే నేను తట్టుకోలేకపోయాను. పిలవాల్సినవాళ్ల పేర్లు ఎంచుకుంటూ, ఆ పిల్లను ఎంచకుండా వదిలేసినవాళ్లం మేము. తప్పు చేశానంటున్నది ఆమె.

శృతి అప్పటికే సంచీ సర్దుకుంది. మొహం చిన్నబోయింది.

"ఒక్క నిమిషమాగు అవ్వా," అన్నాను. "శృతీ, పోయే ముందు నీ గింజల లెక్క భవానికొకసారి చూపెట్టు."

భవాని తెలివైన పిల్ల. బోర్డు మీద నేను మళ్లీ రాసిన ఏడేడులు, ఆరు ఎనిమిదులు చూడగానే సూత్రం రాసేసింది: (a+1)(a-1) = a² - 1. "ఇది ఫార్ములా మేడం, ఎనిమిదిల వచ్చింది. ఏ నంబరుకైనా అంతే." ఆ మాట శృతి ఎన్నడూ వినలేదు. పాఠం అక్కడికి వచ్చిన రోజుల్లో తనచేత ఏ ఎక్కం రాయించారో. "ఏ నంబరుకైనానా? మస్తు పెద్దదానికి గూడనా?" అని రెండుసార్లు అడిగింది. తర్వాత గింజలు పేర్చి, వరస తీసి, పంచి, చివరి గింజ చూపించింది.

భవాని ఆ ఒక్క గింజను వేలితో అటూ ఇటూ కదిపింది. ఫార్ములా ఇన్నాళ్లూ దాని నోట్లోనే ఉంది. ఆ చివరి ఒకటి ఎక్కణ్నుంచి వస్తుందో ఇప్పుడే చూసినట్టుంది.

"మరి రెండు వరసలు తీస్తే?" అంది భవాని.

"తీసి చూద్దాం పా," అంది శృతి. సంచీ భుజం మీంచి ఎప్పుడు దించిందో నేను చూడలేదు.

ఇద్దరూ బల్ల మీదికి వంగారు. తీసిన గింజల్ని ఐదు వరసలకూ రెండేసి పంచారు. నాలుగు మిగిలాయి. మూడు వరసలు తీస్తే తొమ్మిది మిగిలాయి. "ఒకటి, నాలుగు, తొమ్మిది," అని భవాని గొణుక్కుంటుంటే, "ఒకటి ఒకట్ల ఒకటి, రెండు రెండ్ల నాలుగు, మూడు మూళ్ల తొమ్మిది," అని శృతి ఎక్కం అందుకుంది. మిగతావాళ్లంతా చుట్టూ మూగారు. ముందు బెంచీ ఏదో, వెనక బెంచీ ఏదో ఆ గుంపులో నాకే తెలియలేదు.

సత్తమ్మ గడప దగ్గరే నిలబడి చూస్తోంది. "పెద్ద సదువు పిల్ల మా పిల్లనడిగి రాసుకుంటాంది," అంది నాతో, కళ్ల ముందే జరుగుతున్నా నమ్మనట్టు. నావైపు తిరిగి అడిగింది. "అయితే గిది ఏం క్లాసు బిడ్డా? వచ్చినోళ్లదా, రానోళ్లదా?"

"స్పెషల్ క్లాసే అవ్వా," అన్నాను.

ఆమె మనవరాలిని పిలవకుండానే వెళ్లిపోయింది.

మర్నాడు ప్రార్థనకు ముందే హెడ్మాస్టరును పట్టుకుని జరిగిందంతా చెప్పాను. చివర్న, "గా తొమ్మిది మందిని పంపాలంటే నన్ను గూడ పంపుండ్రి సార్," అన్నాను. నా కోపం సంగతి ఆయనకు తెలుసు. మైకు తీసుకుని గొంతు సవరించుకున్నారు. "లెక్కల స్పెషల్ క్లాసుకు..." అని ఆగి నావైపు చూశారు. ఈసారి మరచిపోయి కాదు. "ఎవరికి రావాలనిపిస్తే వాళ్లు రాండ్రి," అన్నారు.

ఆ సాయంత్రానికి ఎనిమిదో తరగతి వాళ్లు కూడా వచ్చారు. అంతమందికి ల్యాబులో చోటెక్కడిది? శృతి చంకలో ఒక నీలం తాటిపత్రితో వచ్చి, "అవ్వ పంపింది మేడం. కడిగిందే. జర్ర వాసనొస్తదేమో," అంటూ నేల మీద పరిచింది. వాసన జర్ర కాదు, బాగానే వచ్చింది. ఎవరూ లేచిపోలేదు.

క్లాసయ్యాక నేనూ శృతీ రహదారి దాకా కలిసి నడిచాం, నాకు బస్సు, తనకు అంగడి. సత్తమ్మ మాకు వీపు పెట్టి కూర్చుని చేపలు కోస్తోంది. చుట్టూ జనం. వాళ్లలో మల్లేశం కూడా ఉన్నాడు.

"ఏందవ్వా, గింత లేటు? జల్దీ కడిగియ్యి. నీ మనుమరాలేది?" అంటున్నాడు.

"మనుమరాలు లేదు, నేనొక్కదాన్నే," అంది సత్తమ్మ. రోడ్డు మీద లారీలు పోతున్నాయి గనక గొంతు పెంచాల్సి వచ్చిందనుకోవచ్చు. కానీ చుట్టూ ఉన్నవాళ్లందరికీ వినబడేంతగా పెంచింది. "మా పిల్ల స్పెషల్ క్లాసుల ఉన్నది. నీ బిడ్డ గూడ ఆడ్నే ఉన్నది గదా, చెప్పలేదా నీకు?"

శృతి నా పక్కన నడుస్తున్నది కాస్తా ఆగిపోయింది. ఆ మాట అవ్వ నోటి నుంచి అంత గట్టిగా రావడం అది ఎన్నడూ వినలేదు.