నా గొంతులో బంతిపువ్వు

కొన్ని ఇంజన్లుంటాయి, టర్బో రకం. వేరే యంత్రం గాలి ఊదితేగానీ వాటికి ఊపు రాదు. నేను ఆ జాతి కాదు. ఒక్కరే కూర్చునే రేసు కారు కోసం పుట్టిన ఇంజన్ని. నాలుగు గొట్టాలూ తెరిచి నా గాలి నేనే పీల్చుకుంటాను. పొగరంటారా, ఉంది.

పుట్టింది ఇంగ్లండులో. మొదట కోయంబత్తూరు మిల్లు యజమాని కొడుకు కొన్నాడు. మలుపులో తను కారు తిప్పలేకపోయినప్పుడల్లా తప్పు నా మీదికి తోసేవాడు. చివరికి నన్ను విజయవాడ ఆటోనగర్‌లో టైర్ల కొట్టున్న వీరరాఘవులికి అమ్మేశాడు.

నడిపేది ఆయన మేనకోడలు హైమ. ఆ పిల్ల కాలు పెడితే నాకు ప్రాణం లేచొచ్చేది. కానీ గెలుపుల్లేవు. చెన్నై రేసుకు ముందు మామ తేల్చేశాడు.

"మొదటి ముగ్గుర్లో వస్తే సరే. లేదంటే ఈ పిచ్చి కట్టిపెట్టి కొట్లో కూర్చోవాలమ్మాయ్."

రేసు పొద్దున ఆయన పూలదండ తెచ్చాడు. "దండలొద్దు మామయ్యా, ఇదేమన్నా పెళ్లికొడుకా?" అని కసిరింది హైమ. ఆమె అటు తిరగ్గానే, దుమ్ము పడకుండా నా గొట్టాలకు కప్పిన గుడ్డ ఎత్తి, ఒకదాంట్లో బంతిపువ్వు దోపాడు. తర్వాత మెకానిక్కులు గుడ్డ తీశారుగానీ లోపలికి తొంగిచూడలేదు.

రేసు మొదలైంది. గట్టిగా ఊపిరి పీల్చానో లేదో, పువ్వు గొంతుకు అడ్డంపడింది. నాలుగు సిలిండర్ల పని మూడింటితో ఈడుస్తున్నాను.

"మామయ్యా, ఏం పెట్టావ్ దీంట్లో?" రేడియోలో అరిచింది హైమ.

"ఒక్క పువ్వేనమ్మా... అమ్మవారిది."

"అయితే ఆవిణ్ణే వచ్చి నడపమను!"

ఆగి తీయించుకుంటే రేసు పోయినట్టే. ఆగలేదు. మీటరు ముల్లు ఎర్రగీత దాటేదాకా నన్ను తొక్కింది. భయమేసింది, నిజం చెబుతున్నాను. ఆ ఊపుకు పువ్వు నలిగి, లోపలికి జారి, కాలి, పొగలో కలిసిపోయింది. నాలుగో గొంతు తెరుచుకుంది. ఒక్కొక్కణ్ణే దాటుకుంటూ మూడో స్థానానికి వచ్చాం. ఆఖరి మలుపు దాటగానే నాలో కనెక్టింగ్ రాడ్ విరిగి పొట్ట చీల్చుకుని బయటపడింది. నేను పోయాను. కారు మాత్రం ఉన్న ఊపుతో దొర్లుతూ మూడోదిగానే ముగింపు గీత దాటింది. అంతా అమ్మవారి దయేనని వీరరాఘవులు ఊరంతా చెప్పుకున్నాడు.

హైమను పెద్ద టీమొకటి పిలిచింది. నాకు మరమ్మతు కుదరదని తేల్చి, కడిగి, పైన అద్దం బిగించి, టైర్ల కొట్లో బల్లగా వేశారు. వచ్చినవాళ్లు నా మీద టీ గ్లాసులు పెట్టి బేరాలాడతారు.

ప్రయాణం రోజు హైమ వచ్చి, పగిలినచోట చెయ్యి పెట్టి ఏడ్చింది. ఊరుకోవే పిచ్చిదానా, అనాలనిపించింది. ఈ కొట్లో ఎవరో ఒకరు కూర్చోవాలిగా, నేను కూర్చుంటాలే.