తలుపు మీది పలక

కుర్చీలు అరవై. ఒక్కొక్క సీటునూ అరచేత్తో కిందికి నొక్కి వదులుతూ పోయాడు. బాగున్నదైతే టప్పున లేస్తుంది. మూడో వరుసలో చివరిది మాత్రం కాస్త ఆలోచించుకుని లేస్తుంది. దానికీ తన ఎడమ మోకాలికీ ఒకటే జబ్బు.

ఈ హాలులో చీపురూ, మైకూ, తలుపూ అన్నీ ఆయనవే. ఇరవై తొమ్మిదేళ్లుగా. రేపటినుంచి కావు. ఆ సంగతి ఆఫీసు గుమాస్తాకు తెలుసు, ఇంట్లో ఆవిడకు తెలుసు. ఇంకెవరికీ చెప్పలేదు. చెప్పడానికేముంది.

"ఆఖరి రోజు కూడా ఆ పిచ్చోళ్లతోనేనా?" అంది పొద్దున ఆవిడ, డబ్బా చేతికిస్తూ. "ఏడాదంతా కళ్లు పోగొట్టుకుని పని చేస్తారు, చేసింది ఊరికే పంచిపెడతారు. నీకు తగ్గవాళ్లే దొరికారు."

ఏడాదికి రెండు రోజులు వస్తారు వాళ్లు. కంప్యూటరుకు పని చెప్పడానికి భాషలు తయారుచేసేవాళ్లు. ఒకరు రాసింది ఎవరైనా వాడుకోవచ్చు, దిద్దొచ్చు. ఈ గదిలో ఆ భాషల గురించి ప్రసంగాలు. ఆయన చదివింది మూడో తరగతి. ఒక్క ముక్క అర్థం కాదు. అయినా ఏ ప్రసంగం బాగుందో చెప్పేస్తాడు. బాగాలేకపోతే ఒళ్లోని కంప్యూటర్ల మూతలు తెరుచుకుని మొహాల మీద నీలం వెలుగు పడుతుంది. బాగుంటే మూతలు ఒక్కొక్కటే మూసుకుంటాయి.

కుర్చీ ఉంటేనే లోపలికి. నిలబడటం కుదరదు. అరవై మందీ కాగానే బయట తలుపుకు చెక్కపలక తగిలిస్తాడు. దాని మీద ఎర్ర రంగుతో 'నిండింది' అని రాసింది ఆయనే. చివరి అక్షరం చోటు చాలక అంచున ఇరుక్కుంది. ఆ పలక వల్లే ఆయనకు 'నిండింది బాబాయ్' అని పేరు.

మధ్యాహ్నం ప్రసంగాల జాబితా రాసే అమ్మాయి వచ్చింది.

"బాబాయ్, గడ్డపాయన ప్రసంగం ఆఖరున పెట్టాం. ఈసారి కూడా ఇరవై మంది రాకపోతే వచ్చే ఏడు ఆయనకు చోటుండదు. మీరు ఎంతంటే అంతే రాసుకుంటాం."

తలూపాడు. పోయినేడు పదకొండు. అంతకుముందు తొమ్మిది. లెక్క తనే చెప్పాడు. తొమ్మిదిని తొమ్మిదనే చెప్పాడు.

గడ్డపాయన ఒక్కడే పదకొండేళ్లుగా ఒక భాష కట్టుకుంటున్నాడు. "ఎంతమంది వాడతారు బాబూ?" అని ఒకసారి అడిగితే, "ముగ్గురు బాబాయ్. నేనూ, మా బావమరిదీ. మూడోవాడెవరో తెలీదు" అన్నాడు. మొదటి ఏడు తెర వైపు తిరిగి మాట్లాడాడు. అయ్యాక ఈయన మెల్లగా అన్నాడు: "గోడకు ఈపాటికి మీ భాష వచ్చేసుంటుంది బాబూ. ఇటు తిరిగి చెప్పండి." మరుసటి ఏడు ఇటు తిరిగాడు. నచ్చిన మనిషి.

ఆఖరుదానికి ముందు ప్రసంగం కొత్తగా పేరొచ్చిన భాషది. గది కిటకిటలాడింది. పలక తగిలించాడు. అయ్యాక జనమంతా ఒక్కసారే వెళ్లిపోయారు. తలుపు మూసి, కిటికీలు తెరిచి, కాగితం కప్పులు ఏరాడు. గడ్డపాయన చొక్కా గుండీ ఒకటి తప్పి పెట్టుకుని, తీగలు తగిలించుకుంటున్నాడు.

"ఎంతమంది వస్తారంటావు బాబాయ్?"

"వచ్చినవాళ్లకు చెప్పండి. రానివాళ్లకు ఎలాగూ వినపడదు."

టైమైంది. వెళ్లి తలుపు తీశాడు. గుమ్మం బయట మలుపు దాకా వరుస. అప్పుడు చూశాడు పలకను. తీయడం మరిచిపోయాడు. ఇరవై తొమ్మిదేళ్లలో మొదటిసారి.

"లోపల ఏం జరుగుతోంది?" వెనకనుంచి ఒకడు ముందువాణ్ని అడిగాడు.

"తెలీదు. నిండిందట. ఎవరైనా బయటికొస్తే దూరదామని నిలబడ్డా."

ఊరుకుంటే లోపలికి వచ్చేస్తారు. నోరు మూసుకుంటే సరిపోయేది. మూసుకోలేకపోయాడు.

"లోపల ఎవరూ లేరు బాబూ. పలక తీయడం మరిచా. తప్పు నాదే. వచ్చే ప్రసంగం గడ్డపాయనది."

ముందున్నామె పకపకా నవ్వింది. "ఖాళీ గది కోసం పావుగంట నిలబడ్డామా! నిలబడ్డ పాపానికి కూర్చుని పోదాం పదండి." కొందరు వెళ్లిపోయారు. మిగతావాళ్లు లోపలికి వచ్చారు. సీట్లు టపటపా దిగాయి. గడ్డపాయన చేతిలో తీగ చేతిలోనే ఉండిపోయింది.

మొదలుపెడుతూనే తడబడ్డాడు. గోడ వైపు తిరగబోయాడు. తలుపు దగ్గర ఈయన వేలు గుండ్రంగా తిప్పాడు. ఇటు తిరిగాడు. పది నిమిషాలకు ఒక మూత మూసుకుంది. తర్వాత మరొకటి. 'ఇంకా అయిదు నిమిషాలే' అని రాసిన అట్ట ఈయన ఎత్తి చూపేసరికి గదిలో నీలం వెలుగు ఎక్కడా లేదు.

"నలభై మూడు," అన్నాడు జాబితా అమ్మాయితో.

"నిజంగానా?"

"నేనెప్పుడైనా ఎక్కువ చెప్పానా తల్లీ?"

గడ్డపాయన వచ్చి చేతులు పట్టుకున్నాడు. "ముగ్గురు తమ కంప్యూటర్లలో ఎక్కించుకుంటామన్నారు బాబాయ్! వచ్చే ఏడు ఇంకా బాగా చెప్తా. మీరు తలుపు దగ్గరే ఉండాలి."

"ఇటు తిరిగే చెప్పండి," అని, ఆయన గుండీ సరిచేశాడు.

అందరూ వెళ్లాక సీట్లన్నీ ఒకసారి చూసుకున్నాడు. మూడో వరుస చివరిది ఆలోచించుకుని లేచింది. దీపాలు ఆర్పాడు. తాళాలు గుమాస్తా బల్ల మీద పెట్టి, డబ్బా చంకన పెట్టుకుని ఎండ తగ్గకముందే బస్సెక్కాడు. ఆవిడకు చెప్పాల్సిన కబురుంది. దారంతా లోలోపల నవ్వుకుంటూనే ఉన్నాడు.

ఖాళీ గది తలుపుకు, చివరి అక్షరం అంచున ఇరుక్కుని, 'నిండింది' పలక అలాగే వేలాడుతోంది.