చీటీ లేని దారి

ఆఖరి మలుపు దగ్గర చిన్నబ్బ జీపును ఓరగా ఆపి చేతిగడియారం చూసుకున్నాడు. ఇంకా ఆరు నిమిషాలుంది. కొండమీద గేటులో ఇచ్చే చీటీ మీద బయల్దేరిన టైము ఉంటుంది. గడువుకు ముందే అలిపిరిలో దిగితే జరిమానా. అందుకని తొందరగా దిగినవాళ్ళంతా ఇక్కడ ఆగి, మిగిలిన నిమిషాలు కరగబెట్టుకుంటారు.

"బండి చెడిపోయిందా?" అని వెనకనుంచి ఒక గుండు ముందుకు వంగింది.

"లేదు సామీ. టైము కావాల."

ముప్ఫయ్యొక్క ఏళ్ళలో చిన్నబ్బ ఒక్కసారీ జరిమానా కట్టలేదు. గొప్పగా చెప్పుకోడానికి అతని దగ్గర ఉన్నది అదొక్కటే. పొట్టి మనిషి, చెవుల మీద తెల్లవెంట్రుకలు, ఎండ తగిలే కుడిచెయ్యి ఒక రంగు, ఎడమచెయ్యి ఇంకో రంగు. నాలుగు రోజులుగా ఎడమభుజం లాగుతోంది. ఆ నింద జీపు స్టీరింగు మీద వేశాడు.

జీపుకిదే ఆఖరి ట్రిప్పు. పదకొండుకల్లా కొన్నవాడు వచ్చి తోలుకుపోయాడు. ఆ డబ్బుతో అద్దెలకు తిప్పే కారు కొంటే ముసలితనం గడుస్తుందని స్టాండులో అందరూ చెప్పారు. చిన్నబ్బ మనసు మాత్రం చిత్తూరులో ఒక నీలం రంగు స్పోర్ట్స్ కారు మీద పడింది. నాలుగు తలుపులు, టర్బో ఇంజను, పదమూడేళ్ళ వయసు. కొత్తదాని ధర వింటే కళ్ళు తిరుగుతాయి గానీ, పాతబడ్డాక జీపు డబ్బుకే దొరికేంత దిగివచ్చింది.

"యాభై ఎనిమిదేండ్లకు కొమ్ములొచ్చినాయా నీకు?" అంది భార్య లోకేశ్వరి.

"ఇన్నేండ్లు అందర్నీ తిప్పినా. ఒక్క తూరి నేను తిరగతా."

ఆమె మూతి తిప్పుకుంది. అయినా బస్సెక్కబోతుంటే, "ఎన్నింటికొస్తావు? టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాల గదా," అని అడిగింది.

"ఆరుకు. వీధి మొగలో ఉండు."

కారు యజమాని స్టెల్లా చిత్తూరులో ఒక ఆస్పత్రిలో రక్తపరీక్షలు చేస్తుంది. పెట్రోలుకు తన జీతం చాలడంలేదని మొదటే చెప్పేసింది. చిన్నబ్బ బానెట్ ఎత్తి చూశాడు, కిందికి దూరి చూశాడు, పొగగొట్టంలో వేలు పెట్టి చూశాడు. అన్నీ అయ్యాక జీపు స్టాండులో పాతబండ్ల బేరం ముగించే పద్ధతి ప్రకారం అడిగాడు.

"కాణిపాకం దారిలోనే కదమ్మా. బండిలో ఏ లోపమూ దాయలేదని సామి ముందర ప్రమాణం చేస్తే తీసుకుంటా."

"మేం ఒట్లు పెట్టుకోం, అన్నా. బైబిల్లో వద్దని ఉండాది."

"మీ చర్చిలో పెట్టు."

"యాడా పెట్టుకోం. అవునంటే అవును, కాదంటే కాదు. అంతే."

చిన్నబ్బ తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు. ప్రమాణానికి వెనకాడినవాడి బండి ముట్టకూడదని ముప్ఫయ్యేళ్ళుగా పదిమందికి చెప్పినవాడు తను. గేటు దాకా వెళ్ళాడు. నీలం కారు ఎండలో మెరుస్తోంది. కాళ్ళు కదలలేదు. సిగ్గుగానే వెనక్కి తిరిగాడు.

"యాడన్నా గుద్దినారా?"

"అవును. పలమనేరు కాడ రోడ్డుకడ్డమొచ్చిన ఎనుముకు తగిలింది. ముందర లైటు, బంపరు మార్పించినా."

"మీటరు తిప్పినారా?"

"లేదు."

"గేర్లు?"

"రెండోది పొద్దన్నే సరిగ్గా పడదు. క్లచ్చి రెండు తూర్లు తొక్కాల."

తన బండి తప్పులు తానే ఏకరువు పెట్టే మనిషిని చిన్నబ్బ ఇంతవరకూ చూడలేదు. కాణిపాకం సామి ఎదట నిలబడినా ఇంతకంటే ఏం చెబుతుంది అనుకున్నాడు. డబ్బు ఇచ్చి తాళం తీసుకున్నాడు.

నాలుగు వరసల రోడ్డెక్కి, కాణిపాకం మలుపు దగ్గర ఒక్క చేత్తో దండం పెట్టుకున్నాడు. ఆ పైన రోడ్డు ఖాళీగా కనబడింది. కాలు గట్టిగా నొక్కాడు. కారు ఒక్క ఉదుటున దూకింది. వీపు సీటుకు అతుక్కుపోయింది. మొదట భయమేసింది, ఆ వెంటనే నవ్వొచ్చింది. ఒంటరిగా, గట్టిగా, చిన్నపిల్లాడిలా నవ్వాడు. ముల్లు నూటనలభై దాటాక తనంతట తనే కాలు తీశాడు. చాలు, చూసేశాడు. ఇంత సంతోషం తనకు రాసిపెట్టి ఉందని అతనికి తెలియదు.

చంద్రగిరి చేరేసరికి ఐదున్నర. ఫోను మోగింది. లోకేశ్వరి.

"యాడుండావు?"

"చంద్రగిరిలో."

"ఇంకేం, వచ్చేసినట్టే గదా. రా."

"ఆరన్నా గదా. టైముండాది లే."

భుజం నొప్పి చేతిలోకి దిగింది. కారును రోడ్డు వారకు తీసి ఇంజను ఆపాడు. హ్యాండ్‌బ్రేకు లాగాడు, పార్కింగ్ లైట్లు వేశాడు. ఎదురుగా కోట మీద ఎండ పచ్చబడుతోంది. మిగిలిన నిమిషాలు కరిగేదాకా కళ్ళు మూసుకుందామని తల వెనక్కి వాల్చాడు.

హైవే పోలీసులు అద్దం తట్టేసరికి ఆరూ ఇరవై. బండికి గీత కూడా పడలేదని, లైట్లు ఇంకా వెలుగుతూ ఆరుతూనే ఉన్నాయని, మనిషి మాత్రం పోయాడని వాళ్ళు రాసుకున్నారు.

వీధి మొగలో లోకేశ్వరి ఆరుకు పది నిమిషాల ముందే వచ్చి నిలబడింది. ఎదురింటి కారు టైర్ల ఎడం అడుగులతో కొలిచి, అంతే ఎడంగా నేలమీద పెట్టుకుంది, నాలుగు నిమ్మకాయలు.