మడతలో వెళ్లిపోయిన పై స్వరం

ఆ ఇంట్లో బట్టలు మడతపెట్టే పని అక్కది. పన్నెండేళ్లుగా ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసిన చెయ్యి; అంచుకు అంచు కలిపి అరచేత్తో ఒక్కసారి నిమిరితే మడత కదలమన్నా కదలదు. ఒకరివి ఇంకొకరివాటితో కలిసిపోకుండా మెడపట్టీ లోపల దారంతో గుర్తు కుట్టేది. తనవాటికి ఎరుపు, చెల్లెలివాటికి నీలం. ఎన్ని గుర్తులు కుట్టి ఏం లాభం? చేతికందింది తొడుక్కుపోవడం చెల్లెలికి చిన్నప్పటి నుంచీ అలవాటు.

చెల్లెలు పాటలు పాడుతుంది. సాధన అయ్యాక, పాడేవాళ్లందరిలాగే, స్వరాలను నీళ్లలో జాడించి పెరట్లో తీగమీద ఆరేసేది. కింది స్వరాలు బరువుగా వేలాడేవి. పై స్వరం పల్చటిది, గాలికి ఎగిరిపోతుందని రెండు క్లిప్పులు పెట్టేవారు. సాయంత్రం బట్టలతోపాటు వాటినీ అక్కే తీసి మడిచేది.

కొత్త ఇస్త్రీ యంత్రం నడపడం నేర్చుకురమ్మని ఆస్పత్రివాళ్లు అక్కను వారం రోజులకు పరాయి దేశం పంపారు. టీవీలో చెల్లెలి పాటలపోటీ ఫైనల్ సరిగ్గా ఆ వారంలోనే పడింది. గెలిస్తే సంగీత కళాశాలలో సీటు. మూడేళ్లుగా ఆ పిల్ల కలవరింతంతా అదే. ఫైనల్ ముందు రెండ్రోజులు గొంతుకు విశ్రాంతి అని స్వరాల జోలికే పోలేదు.

ఇంటి దగ్గర సాయంత్రం, అక్కడ పొద్దున తొమ్మిది. బసలో, భోజనాల గదిలో, అక్క టీ కప్పు పట్టుకుని టీవీ ముందు కూర్చుంది. బస నడిపే పెద్దావిడ బంతాట తీసేసి పాటల చానల్ పెట్టింది.

"గోలు పడబోతుంటే మారుస్తావా!" అన్నాడు రొట్టె తింటున్న బస్సు డ్రైవరు.

"నీ గోలు రేపూ పడుతుంది. ఈ పిల్ల చెల్లెలు రేపు పాడదు."

అప్పుడే అమ్మ దగ్గర్నుంచి ఫోను.

"ఒసే, పై స్వరం ఎక్కడ పెట్టావే? పొద్దున్నుంచి బీరువా అంతా తిరగేశాం. అది లేకుండానే వెళ్లింది నీ చెల్లెలు. రెండో పాట చివర అదే కావాలిట!"

అక్క టీ కప్పు కింద పెట్టేసింది. ప్రయాణం హడావుడిలో తీగమీదవన్నీ ఒక్క ఊపున లాగి మడిచిన సంగతి గుర్తొచ్చింది. పరుగెత్తి పెట్టె తెచ్చింది. యూనిఫాం కోటు మడతలో, మూలకు మూల కలిసి, బుద్ధిగా పడుకుని ఉంది పై స్వరం.

"పోస్టులో వేస్తే నాలుగు రోజులు," అన్నాడు డ్రైవరు, గోలు సంగతి మరిచిపోయి.

"నాలుగు నిమిషాలు కూడా లేవు," అంది పెద్దావిడ. "తొడుక్కుని నువ్వే పాడమ్మా. ఇంత దూరానికి ఇంకో దారి లేదు."

"నేనా? నేను పాడి పన్నెండేళ్లయింది."

"అయితే ఏం? నోరు అక్కడే ఉందిగా."

టీవీలో రెండో పాట మొదలైంది. కింది స్వరాలు బాగానే పలుకుతున్నాయి. చరణం పైకెక్కుతున్నకొద్దీ చెల్లెలి చెయ్యి మెడ దగ్గరికి పోతోంది. ఎప్పుడూ అంతే, పై స్వరం వచ్చేసరికి వదులు కాలరు సర్దుకున్నట్టు మెడ సర్దుకునేది. ఇవాళ సర్దుకోడానికి కాలరే లేదు.

అక్క స్వరాన్ని విప్పి, దులిపి, తొడుక్కుంది. ఎక్కడా లాగలేదు, ఎక్కడా జారలేదు. అనుమానమొచ్చి మెడ అంచు తిప్పి చూసింది. లోపల వెలిసిపోయిన ఎర్రదారం.

లాండ్రీలో చేరిన రోజు, ఆవిరికి పాడవుతుందని విప్పి తీగమీద వేసి వెళ్లింది. సాయంత్రం ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది. ఆ తర్వాత వెతకనే లేదు. స్వరాలన్నీ చెల్లెలివే కదా అని, రోజూ మడుస్తూ కూడా, ఏనాడూ అంచు తిప్పలేదు.

ఏడవడానికి టైము లేదు. అక్కడ చెల్లెలు నోరు తెరిచింది. ఇక్కడ అక్క పాడింది. భోజనాల గదిలో లేచిన స్వరం టీవీలో చెల్లెలి నోటినుంచి వచ్చింది. డ్రైవరు చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది. న్యాయనిర్ణేతలు కుర్చీల్లోంచి లేచారు.

చెల్లెలు నోరు మూసేసింది.

స్వరం ఆగలేదు. మూసిన పెదాల ముందు, ఖాళీ గాల్లో, నిదానంగా ఇంకా పైకి పోతోంది. హాలంతా చూస్తూ ఉండగా చెల్లెలు మైకు దించి, కళ్లు మూసుకుని, చివరిదాకా వింది.

మొదటి బహుమతి ఇంకొకరికి పోయింది.

"నోరెందుకు మూశావే, పిచ్చిమొహమా!" ఫోనులో అరిచింది అక్క.

"నీ చొక్కా తొడుక్కుని బజారుకు పోతే పోయాను, కాలేజీకి కూడా పోనా? ఇన్నాళ్లూ అది నాకు వదులెందుకో తెలియలేదు. నువ్వు పాడుతుంటే తెలిసింది." చెల్లెలు ముక్కు చీదింది, నవ్వింది. "కింది స్వరాలు నావేలే. వచ్చే ఏడు వాటితోనే వెళ్తా. నువ్వు మాత్రం దాన్ని మళ్లీ మడవకు."

తిరుగు ప్రయాణంలో విమానాశ్రయం తనిఖీ అధికారి పెట్టె తెరిపించాడు. మడతలు చూసి మెచ్చుకోలుగా తలూపాడు.

"అన్నీ బట్టలేనా?"

"బట్టలేనండీ."

"మరి గొంతు దగ్గరిది? ఈ దేశం వచ్చేటప్పుడు సామాన్ల కాగితంలో రాయలేదే?"

అక్క అంచు తిప్పి ఎర్రదారం చూపించింది.

"నాదేనండీ," అంది.

ఆ ఒక్క మాటకే వెనక వరసలో వాళ్లు ఒకరొకరుగా సంచులు కింద పెట్టి, ఇంకేమైనా వినబడుతుందేమోనని నిలబడ్డారు. అధికారి కూడా ముద్ర చేత్తో పట్టుకుని కాసేపు ఆగాడు. అక్క గొంతు సవరించుకుంది.