ఉతకని చొక్కా

మా అత్తయ్య పిల్లి పేరు దొరసాని. జబ్బు కూడా ఆ పేరుకు తగ్గట్టే పడింది. ముక్కు మూసుకుపోయి, కళ్ళు అతుక్కుపోయి, ఇంటిల్లిపాదినీ తన చుట్టూ తిప్పుకుంది. మందులతో జలుబు తగ్గింది, ముక్కు తెరుచుకుంది. తిండి మాత్రం ముట్టలేదు.

"పిల్లులు ఇలా పస్తులుంటే కాలేయం పాడవుతుంది. రేపటికీ తినకపోతే తీసుకొచ్చేయండి, గొట్టం వేసి పెట్టాలి," అంది డాక్టరమ్మ ఫోనులో. "ముసలిది కదా, తట్టుకుంటుందని మాటివ్వలేను. గోరువెచ్చగా చేసి పెట్టి చూడండి. వాసన తగిలితే ఆకలి పుడుతుంది."

ఆ మాట విన్నప్పటి నుంచి అత్తయ్య కంచం ముందు కూర్చోలేదు. "అది తిన్నాకే నేను," అని భీష్మించుకుంది. పిల్లి కోసం మనుషులు పస్తుండడమేమిటి, నలుగురూ వింటే నవ్విపోరూ? ఆ మాటే అన్నాను. "నోళ్ళు నొప్పి పుట్టేదాకా నవ్వుకోనీ," అంది. మా ఆయన మాత్రం శుభ్రంగా తినేసి, చేయి కడుక్కుని, "ఇద్దరూ ఇద్దరే," అని గొణుక్కుంటూ పనిలోకి వెళ్ళాడు.

మాది లాండ్రీ. ముందు గదిలో కౌంటరు, వెనక గదిలో మిషన్లు, మధ్యలో మా కాపురం. మాకు వచ్చిన విద్య ఒక్కటే, ఉతకడం. దొరసానికి జబ్బు చేసిందనగానే ముగ్గురం ఆ విద్యే దాని మీద ప్రయోగించాం. అత్తయ్య దాని గిన్నెను పూటపూటా మా సబ్బుపొడితో తోమింది. నేను దాని పరుపుగుడ్డ ఉతికి, ఖరీదైన బట్టలకు వాడే సెంటు నీళ్ళలో ముంచి ఆరేశాను. మా ఆయన నేలంతా ఫినాయిలు పెట్టి తుడిచాడు.

మర్నాడు మధ్యాహ్నం చికెన్ ఉడికించి, మెత్తగా చిదిమి, గిన్నెలో పెట్టాను. దొరసాని వచ్చింది. మూతి నాక్కుంది. ఆకలి ఉందని తెలుస్తూనే ఉంది. ముక్కు గిన్నె దాకా చాపి, చటుక్కున తల తిప్పేసుకుని, వణికే కాళ్ళతో వెనక్కి నడిచింది. అత్తయ్య గోడకేసి తిరిగి కళ్ళొత్తుకుంది. నాకు భయమేసింది. భయమేస్తే నాకు కోపం వస్తుంది.

"ఏమ్మా మహాతల్లీ, ఇంకేం కావాలి నీకు? పన్నీరు చల్లమంటావా?" అని అరిచాను.

అది నన్ను లెక్కచేస్తేగా! పరుపు వంక కూడా చూడకుండా ముందు గదిలోకి వెళ్ళి, ఉతకాల్సిన బట్టల కుప్ప ఎక్కింది. అన్నీ వదిలేసి, చేపల దుకాణం ఆయన చొక్కాలో మొహం దూర్చి పడుకుంది. ఆ చొక్కాను మేము వేళ్ళ కొసలతో ఎత్తి విడిగా నానబెడతాం. అంత కంపు.

నాకేదో అనుమానం వచ్చి గిన్నె వాసన చూశాను. ఏమీ తెలియలేదు. పొద్దస్తమానం సబ్బులో బతికే ముక్కులు మావి, ఎలా తెలుస్తుంది? కౌంటరు దగ్గరికి బట్టలు తెచ్చిన టైలరు కనిపించాడు.

"అన్నయ్యా, ఇది కాస్త వాసన చూడు."

ఆయన మొహం చిట్లించాడు. "ఏంటమ్మా ఇది, సబ్బునీళ్ళలో ఉడికించావా?"

అత్తయ్యా నేనూ మొహమొహాలు చూసుకున్నాం. జలుబున్నన్నాళ్ళూ వాసన తెలియక తినలేదు. ముక్కు తెరుచుకున్నాక మా వాసన తగిలి తినలేదు. మా తెలివి మండ!

ఇస్త్రీ చొక్కాల్లో పెట్టే అట్ట ఒకటి తీసుకుని, పొయ్యి మీద మిగిలిన చికెన్ చేయి తగలకుండా గరిటెతో దాని మీద వేసి, ఆ చొక్కా పక్కనే పెట్టాను. దొరసాని తలెత్తింది. ఒకసారి నాకి ఆగింది. అత్తయ్య నా చేయి గట్టిగా పట్టుకుంది. మళ్ళీ నాకింది. ఆ తర్వాత ఇక తల ఎత్తలేదు, అట్ట మీద తడి మిగిలేదాకా.

డాక్టరమ్మకు ఫోను చేస్తే, "హమ్మయ్య! కొంచెం కొంచెంగా పెడుతూ ఉండండి. ఇక తీసుకురానక్కర్లేదు," అంది. చొక్కా నానబెట్టబోయిన మా ఆయనను అత్తయ్య కసురుకుంది. "దాని జోలికెళ్ళావంటే ఊరుకోను. చేపలాయనకు నీ చొక్కా ఒకటి ఇచ్చుకో!"

నేను అన్నం వడ్డించి పిలిచాను. "ఇక రండత్తయ్యా. మీ దొరసాని కరుణించింది కదా."

ఆవిడ కూర్చుంది గానీ ముద్ద కలపలేదు. "నీ కంచం ఏదీ?"

"నేనెప్పుడో తిన్నాను."

"నిన్నటి నుంచి నేను తోముతున్నది మావాడి కంచం ఒక్కటే," అంది అత్తయ్య. "తిన్నావట! పోయి తెచ్చుకో."

కంచం తెచ్చుకుని ఆవిడ పక్కన కూర్చున్నాను.